నాయనమ్మ తోడు పెట్టిన టీ

మొన్న నా పాత విద్యార్థిని ఒకమ్మాయి, నందిగామ అవతల కీసర దగ్గర హైవే పక్కన కొత్తగా టీ దుకాణం పెట్టాను రమ్మని పిలిస్తే వెళ్ళాను. దుకాణం అంటే ఒప్పుకోదు లెండి, దానికి నోరు తిరగని పేరేదో ఉంది. ఏసీ చల్లదనం, వెదురు చాపలు, ఎక్కడి నుంచో సన్నగా వేణువు. అద్దంలోంచి చూస్తే బయట లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి గానీ లోపలికి చప్పుడు రావడం లేదు. గోరంత కప్పులో నల్లటి ద్రవం ఒకటి పోసి నా ముందు పెట్టి, "చైనాలో పులియబెట్టి ఏళ్ళ తరబడి నిల్వ చేసిన టీ మేడం. తాగేముందు కళ్ళు మూసుకుని వాసన చూడండి. ఏం గుర్తొస్తోంది?" అంది. నేను నోరు తెరిచే లోపలే తనే జవాబు కూడా చెప్పేసింది: వాన పడ్డ అడవి నేల, పాత పుస్తకాల గది, కాస్త ఖర్జూరం. నాకవేమీ గుర్తు రాలేదు. జగ్గయ్యపేటలో మా పెంకుటింటి పెరట్లో కూర్చుని, చుట్ట కాల్చుకుంటూ, "ఈ కంపేందిరా దేవుడా" అని మొత్తం చైనా దేశాన్ని ఒక్క ఊపున తిట్టిన మా నాయనమ్మ మరియమ్మ గుర్తొచ్చింది. నవ్వు ఆపుకోలేక టీ పొలమారింది. ఆ అమ్మాయి కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది.

ఆ టీని మా ఇంటికి తెచ్చినవాడు మా పెదనాన్న దానియేలు. నాన్నకి అన్న. నాన్న నందిగామ బడిలో పంతులు, చర్చిలో సంఘపెద్ద, నడిస్తే చొక్కా మడత నలగని మనిషి. పెదనాన్న సరుకు ఓడల్లో వంటవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి, ఎండుచేపల వాసనా సెంటు వాసనా కలిసిన ఇనప్పెట్టె ఒకటి భుజాన వేసుకుని ఊడిపడేవాడు. ఉన్నన్నాళ్ళూ ఇల్లు తిరనాళ్ళలా ఉండేది. వెళ్ళిపోయాక నాయనమ్మ కొన్నాళ్ళపాటు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేది కాదు. మాట్లాడితే తిట్టేది. నేనప్పుడు నందిగామలో ఇంటర్ చదువుతూ రోజూ నాన్నతోపాటే బస్సులో వెళ్ళొచ్చేదాన్ని కాబట్టి నా వాటా తిట్లు పొద్దున బస్సెక్కేముందూ, సాయంత్రం దిగాకా పడేవి.

నాయనమ్మ గురించి కాస్త చెప్పాలి. మనిషి పిడికెడు. నోరు మాత్రం మా ఊరి పాలేటి వరద. తాతయ్య పోయాక మిరప చేలల్లో కూలికెళ్ళి ఇద్దరు కొడుకుల్నీ పెంచింది. ఆదివారం చర్చిలో అందరికన్నా గట్టిగా పాడుతుంది, ఇంటికొచ్చి పెరట్లో కూర్చుని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతుంది. ఈ రెంటికీ మధ్య పేచీ ఏమీ ఉన్నట్టు ఆవిడకెప్పుడూ తోచలేదు. ఒకసారి పెదనాన్న ఎక్కిన ఓడ తుఫానులో చిక్కుకుని నెలల తరబడి కబురు తెలియకపోతే, కంచికచర్ల నుంచి మైలవరం దాకా ఉన్న ప్రార్థన కూటాలన్నీ తిరిగింది. అది చాలదన్నట్టు, ఎవరికీ తెలియకుండా పెనుగంచిప్రోలు వెళ్ళి తిరుపతమ్మకి ఒక కొబ్బరికాయా కొట్టొచ్చింది. సంగతి బయటపడ్డాక నాన్న తలపట్టుకుని కూర్చుంటే, "యేసుప్రభువు ఏమనుకోడులేరా, ఆయనకీ తల్లుంది" అంది. ఇక వంటింటి మూల ఆవిడ తరవాణి కుండ. అన్నం వార్చిన గంజి, కడుగునీళ్ళు, చారెడు మెతుకులు అందులో పడి, రోజుల తరబడి పులిసి, పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుంటూ ఆవిడ గ్లాసు వంచితే వీధి చివర దాకా తెలిసేది. ఆ కుండని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. అది తన అత్తగారి చేతి నుంచి తెగకుండా వస్తున్న పులుపట.

ఆ ఏడు పెదనాన్న పెట్టె తెరిస్తే సెంటు సీసాలతోపాటు వెదురాకులో చుట్టిన కట్ట ఒకటి బయటపడింది. ఆకు విప్పితే, ఎర్ర అక్షరాల పల్చటి కాగితాల్లో చుట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చిన గుండ్రటి బిళ్ళలు. కాగితం తీస్తే గోధుమరంగులో, గరుకుగా, చెయ్యి అదిమిన పల్లం గుర్తుతో సహా అచ్చం అవే. నాయనమ్మ ఒకటి చేతిలోకి తీసుకుంది. తిరగేసింది. వాసన చూసింది.

"ఒరే పెద్దోడా, దేశదేశాలూ తిరిగి పిడకలు తెచ్చావంట్రా?"

"పిడకలు కాదే అమ్మా, టీ. పోలే అంటారు."

"పోలే ఏందిరా? ఎక్కడికి పోలే?" అంది. అవతల కోదాడ వైపు 'పోలేదు' అనడానికి 'పోలే' అంటారు, ఆ మాటలు మా ఊళ్ళో కొత్తేమీ కాదు. పెదనాన్న పడీపడీ నవ్వి, అది హాంకాంగు వాళ్ళ పలుకని చెప్పాడు. వాళ్ళ ఓడ మరమ్మతుకి అక్కడ చాలాకాలం ఆగిపోయిందట. రేవు దగ్గర టీ హోటలు నడిపే చైనా ముసలాయన ఒకాయనతో స్నేహం కుదిరింది. ఇద్దరికీ సరిగ్గా రాని ఇంగ్లీషులో ఆయన చెప్పిందంతా పెదనాన్న ఆ రాత్రి అన్నాలప్పుడు మాకు చెప్పాడు. అలవాటు చొప్పున సగం కలిపే ఉంటాడు గానీ, పెద్దయ్యాక చదువుకుంటే చాలావరకు నిజమేనని తేలింది.

చైనాకి నైరుతి మూల యున్నాన్ కొండల్లో పెద్దాకు టీ చెట్లున్నాయట. పొదలు కావు, నిచ్చెన వేసి ఎక్కే చెట్లు. ఆ ఆకుని ఆవిరిపట్టి, గట్టిగా అదిమి బిళ్ళలు చేసి, కంచరగాడిదల మీద వేసి టిబెట్టు దాకా నెలలకు నెలలు నడిపించుకు వెళ్ళేవారు. టిబెట్టు చలిలో ఆకూ అలమూ పండవు. మాంసం, వెన్న తప్ప మరో తిండి లేని జనానికి ఈ టీయే అరుగుదల. అందుకని బదులుగా గుర్రాలిచ్చేవారు. దారిలో వానకి తడిసి, ఎండకి ఆరి, గాడిదల చెమట పీల్చి ఆ బిళ్ళలు వాటంతట అవే పులిసి నల్లబడితే, పాడైందని పారేయాల్సింది పోయి, తాగి చూసి, ఇదే బాగుంది అనుకున్నారట. లోకమంతా నల్ల టీ అనేదాన్ని చైనా వాళ్ళు ఎర్ర టీ అంటారు. వాళ్ళ లెక్కలో నల్ల టీ అంటే ఇలా పులిసి మాగినదే. అది మాగడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంటే ఓపిక చాలక, ఈమధ్యే అక్కడి ఫ్యాక్టరీల వాళ్ళు ఆకుని కుప్పపోసి, నీళ్ళు చల్లి, గోతాలు కప్పి, వారాల్లో మగ్గబెట్టే కిటుకు పట్టారట.

నాయనమ్మ ముద్ద చేతిలో పట్టుకుని అంతా విని, "గుర్రాన్నిచ్చి ఇది కొన్నారా? గుర్రమే నయం గదరా, పేడైనా వేస్తది" అంది.

మర్నాడు ఆదివారం. కోడికూర తిని నాన్న బొజ్జ నిమురుకుంటుంటే పెదనాన్న టీ కాచాడు. చాకు మొనతో బిళ్ళ అంచు లేపి, పెచ్చు ఊడదీసి, మరచెంబులో వేసి, సలసల మరిగే నీళ్ళు పోశాడు. పోసిన నీళ్ళని వెంటనే జామచెట్టు మొదట్లో పారబోశాడు. "మొదటి నీళ్ళు టీకి స్నానం. తాగేది రెండోది" అన్నాడు. రెండో నీళ్ళు పోసి ఇలా లెక్కపెట్టి అలా వంచితే కాఫీ డికాక్షన్ లాంటి చిక్కటి రంగు. అదే ఆకుకి మళ్ళీ నీళ్ళు, మళ్ళీ వంపు. పొద్దు వాలేదాకా ఆ ఆకు అలిసిపోలేదు. పాలు లేవు, పంచదార లేదు. నాన్న మర్యాద కోసం గుటక వేసి, ఏదో అనబోయి, బైబిల్లో చెప్పినట్టు ఓర్పు వహించాడు. కాసేపటికి మాత్రం, సంఘపెద్ద నుంచి ఎవరూ ఊహించనంత పొడుగాటి త్రేన్పు ఒకటి వచ్చింది. పెదనాన్న నా వైపు చూసి కన్ను గీటాడు. నాకు మొదట మట్టి నాకినట్టుంది. తర్వాత గొంతులో ఏదో తియ్యగా మిగిలింది. నాయనమ్మ ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని ఉమ్మేసి చుట్ట ముట్టించింది.

సెలవు కరిగిపోతోంది. వైజాగులో ఓడల ఏజెంటు ఎప్పుడెక్కుతావని కబుర్లు పెడుతున్నాడు. అప్పుడు పెదనాన్నకి ఒక ఆలోచన వచ్చింది. ఆకు తెప్పించి ఇక్కడే కుప్పపోసి మగ్గబెడితే? జగ్గయ్యపేట ఎండకి చైనావాడి కుప్పకన్నా వేగంగానే మాగుతుంది కదా. టీ కుదిరితే ఇక్కడే ఏదో ఒకటి పెట్టుకుని ఉండిపోవచ్చు, కుదరకపోతే ఓడ ఎలాగూ ఉంది. ఈ మాట నాన్నతో అంటుంటే నాయనమ్మ అక్కడే బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. ఉండిపోరా అని కొడుకుతో ఒక్కసారి అని ఉంటే సరిపోయేది. కానీ మా ఇంట్లో అలాంటి మాటలు ఎవరూ అనరు. "వంటగాడివి వంటగాడిలా ఉండక నీకీ రోగమేందిరా" అంది, అంతే.

ఊటీ వైపు నుంచి, వేయించకుండా ఎండబెట్టిన ఆకు లారీ పార్శిల్లో వచ్చింది. మిరపకాయలు పోసుకునే గది కడిగి, ఆరబెట్టి, మోకాలెత్తు కుప్ప పోశాడు. నీళ్ళు చల్లి తడి గోతాలు కప్పాడు. రోజులు గడిచేకొద్దీ కుప్ప లోపల వేడి పుట్టింది. పొద్దునా సాయంత్రం చెయ్యి దూర్చి చూసేవాడు, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు. వేడెక్కువైతే పారతో తిరగబోసేవాడు. గదిలోంచి మొదట తడిసిన గడ్డివాము వాసన వచ్చేది, తర్వాత కొత్తగా తవ్విన మట్టి వాసన. పెదనాన్న మొహం వెలిగిపోతోంది. "అదిగో, వస్తోంది, వస్తోంది" అనేవాడు, రైలొస్తున్నట్టు. నాయనమ్మ తలుపు దగ్గర నిలబడి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని చూసి పోయేది.

ఒక ఆదివారం మోకాళ్ళ నొప్పులని ఆవిడ చర్చికి రాలేదు. మేం తిరిగొచ్చేసరికి పెరట్లో చుట్ట కాలుస్తూ మహా సాధువులా కూర్చుని ఉంది. ఆ మర్నాటి నుంచి మొదలైంది కంపు. మట్టి వాసన పోయింది. పులుపు, కుళ్ళు కలిసి, కళ్ళు మండే ఘాటు. కుప్ప పొగలు కక్కుతోంది, అడుగున జిగురు కారుతోంది. పెదనాన్న పార పట్టుకుని ఎంత తిరగేసినా తగ్గలేదు. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. వీధి అరుగుల మీద ముక్కులు మూసుకుని మాట్లాడుకోవడం మొదలైంది. పంతులుగారింట్లో సారా బట్టీ పెట్టారని ఎవరో అన్నారు. ఓడ నుంచి వచ్చిన అన్నగారే కాస్తున్నాడని ఇంకొకరు కలిపారు. నాన్నకి అన్నం సహించలేదు. సారా కేసులో ఇరుక్కుంటే ఉద్యోగం ఉండదు, సంఘంలో తలెత్తుకోవడం ఉండదు. "అన్నయ్యా, ఆ కుప్ప తీసెయ్యి" అని తమ్ముడూ, "ఇంకొక్క వారం ఆగరా" అని అన్నా. వాళ్ళిద్దరూ గొంతు పెంచి మాట్లాడుకోవడం నేను మొదటిసారి విన్నాను.

వారం ఆగలేదు. మరుసటి రోజు సాయంత్రం ఎక్సైజ్ ఎస్సైగారు ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చారు. వాళ్ళ వెనకే, మాట విని పరిగెత్తుకొచ్చిన మా పాస్టరుగారు. నాన్న చొక్కా నలిగి ఉండడం మొదటిసారి చూశాను.

"సారా ఊట ఎక్కడుందయ్యా?" అన్నాడు ఎస్సై.

"ఊట కాదండి, టీ అండి," అన్నాడు పెదనాన్న.

"ఏం టీ అయ్యా, వీధి మొదట్లోనే తల తిరిగింది నాకు!"

గోతాలు లాగించాడు. ఆవిరి ఒక్కసారిగా మొహాన కొడితే కానిస్టేబుళ్ళిద్దరూ గడప దాటి పెరట్లో పడ్డారు. ఎస్సై ధైర్యం చేసి చెయ్యి దూర్చి, "అబ్బా!" అని వెనక్కి లాక్కున్నాడు. కుండలు లేవు, గొట్టాలు లేవు, బెల్లం లేదు, కంపు కొట్టే నల్లటి బురద తప్ప. పాస్టరుగారు వంగి, ఆ బురదని వేళ్ళతో నలిపి, వాసన చూసి, అనుమానంగా మళ్ళీ చూశారు.

"ప్రకాశరావుగారూ," అన్నారు నాన్నతో, "ఇందులో తరవాణి ఉందేంటండీ?" ఆయనా పొద్దున్నే అదే తాగుతారని అప్పుడు తెలిసింది.

అందరం నాయనమ్మ వైపు తిరిగాం. ఆవిడ చుట్ట కొంగులో దాచి ఎదురు తిరిగింది.

"అవునయ్యా, పోశా. కుండెడూ పోశా. పాలు తోడుకోవాలంటే తోడెయ్యాలా వద్దా? వీడు ఉట్టి నీళ్ళు చల్లి ఊరుకుంటే ఇది ఎప్పటికి పులిసేది? ఓడేమో వచ్చేస్తది!"

చివరి మాట నోరు జారిందని ఆవిడకీ అర్థమైంది. గబుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెదనాన్న పార గోడకి ఆనించాడు. ఆ కుండ అడుగంటా వంచేసిందని, అత్తగారి నాటి పులుపు అంతా ఆ గదిలో పారబోసిందని మాకు అప్పుడే తెలిసింది. తరవాణి గురించి ఏమీ తెలియని ఎస్సైకి కూడా ఏదో తెలిసినట్టుంది. టోపీ తీసి పీట మీద కూర్చున్నాడు.

పెదనాన్న అసలు బిళ్ళ తెచ్చి అందరికీ టీ కాచి ఇచ్చాడు. కానిస్టేబుళ్ళు పంచదార అడిగి లేదనిపించుకున్నారు. ఎస్సై రెండు గ్లాసులు తాగి, కడుపు నిమురుకుని, లేచాడు. "ఇది సారా కాదు, అంతవరకు ఖాయం. ఇదేంటో రాయడానికి మా దగ్గర సెక్షన్ లేదు" అని వెళ్ళిపోయాడు. పాస్టరుగారు ప్రార్థన చేసి మొదలుపెట్టిన పనిని దీవించబోయి, కుప్ప వైపు చూసి, ఇంటివాళ్ళని మాత్రమే దీవించారు.

కుప్పని బండికెత్తించి చేలో పోయించారు. బండి ఎద్దులు తల పక్కకి తిప్పుకునే నడిచాయి. ఆ మర్నాడు పొద్దున్నే పెదనాన్న, నాన్నని తోడు తీసుకుని, వైజాగుకి ట్రంకాల్ చెయ్యడానికి పోస్టాఫీసుకి బయల్దేరాడు. నాయనమ్మ ఇనప్పెట్టె అటక మీంచి దింపించి, చొక్కాలు ఉతికినవి ఉతకనివి వేరుచేసి, అడుగున ఆవకాయ జాడీ పాత చీరలో చుట్టి, తనే సర్దింది. సర్దుతూ నన్ను ఎందుకో బాగా తిట్టింది. అన్నదమ్ములు తిరిగొచ్చేసరికి పెట్టె గడప పక్కన ఉంది.

"ఓడలో ఖాళీ లేదంటమ్మా," అన్నాడు పెదనాన్న, చెప్పులు విడుస్తూ.

నాయనమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"నీ వంట తిని ఎవడో చచ్చుంటాడు," అని, పెట్టె లోపలికి ఈడ్చుకుపోయింది.

ఫోన్లో ఏజెంటు జీతం పెంచుతాను రమ్మని బతిమాలాడని నాన్న మాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు.

పెదనాన్న చిల్లకల్లు అడ్డరోడ్డు దగ్గర లారీ డ్రైవర్ల కోసం హోటలు పెట్టాడు. కోడిగుడ్డు నూడుల్స్ అక్కడ మొదట తినిపించింది మా పెదనాన్నే అని నా గట్టి నమ్మకం. చైనా టీ కూడా ఇవ్వబోయాడు గానీ, డ్రైవర్లు దాన్ని విరేచనాల మందు కింద తప్ప ముట్టుకోలేదు. వాళ్ళకి పాలు, పంచదార, అల్లం దంచిన టీ. తనకి మాత్రం, హోటలు కట్టేసి ఇంటికొచ్చాక, బిళ్ళలోంచి గోరంత పెచ్చు. నాయనమ్మ తరవాణి మళ్ళీ పెట్టింది, పాస్టరుగారింటి నుంచి తోడు తెచ్చుకుని. సాయంత్రాలు కొడుకు పక్కన కూర్చుని, వద్దంటూనే గ్లాసు చాపేది. "కంపు," అనేది. తాగేది. చుట్టకి జోడుగా బాగుందని ఒక్కనాడూ ఒప్పుకోలేదు.

ఇప్పుడదే టీ ఫోన్లో వేలు నొక్కితే ఇంటికొస్తోంది. ఏ కొండ, ఏ తోట, చెట్టు వయసెంత, ఎవరి గిడ్డంగిలో ఎన్నాళ్ళు మాగిందో అన్నీ డబ్బా మీద రాసి ఉంటాయి. నిల్వ చేయడానికి తేమ చూసే పెట్టెలున్నాయట, ఇంకే వాసనా సోకకూడదట. కీసర అమ్మాయి ఇవన్నీ శ్రద్ధగా చెబుతుంటే విన్నాను. నిజం చెప్పాలంటే ఆమె పోసిన టీ మేం తాగినదానికన్నా ఎన్నో రెట్లు బాగుంది. మాకు ఆ ఎర్ర అక్షరాలు చదవడం రాదు, అది ఏ ఏటిదో తెలియదు. కాగితాలేమో నాన్న బైబిల్లో గుర్తులుగా పెట్టుకున్నాడు. మా బిళ్ళలు అటక మీద ఎండుమిరపకాయలకీ, కలరా ఉండలకీ మధ్య మాగాయి. ఒక్కో వారం ఒక్కో ఘాటు. ఆ రోజులే మంచివని అనను. ఆ కంపుని మళ్ళీ భరించమంటే ఈ వయసులో నా వల్ల కాదు. కానీ ఆ అమ్మాయి దుకాణంలో కూర్చున్నవాళ్ళంతా ఒంటరిగా, ఎవరి కప్పు వాళ్ళు, ఎంతో జాగ్రత్తగా తాగుతున్నారు. ఒకరి టీలో ఒకరు వేలు పెట్టే ప్రమాదమే లేదక్కడ.

బిళ్ళలు నాయనమ్మ ఉండగానే అయిపోయాయి. చివరి పెచ్చు కాచిన రోజు పెదనాన్న చెంబు కడిగి బోర్లించి, "ఇంతేనే అమ్మా" అన్నాడు. ఆవిడ "పీడా పోయింది" అంది. ఆ తర్వాత కొన్నేళ్ళు బతికింది. పోయాక, సమాధి దగ్గర ప్రార్థన కూటం ముగిసి చుట్టాలు వెళ్ళిపోయిన రోజు, మా అమ్మ వంటింట్లో జాడీలు ఖాళీ చేస్తుంటే, పాత చింతపండు జాడీ అడుగున గుడ్డ మూట ఒకటి తగిలింది. విప్పితే గుండ్రంగా, చింతపండు జిగురు పట్టి, చైనా బిళ్ళ. ఎర్ర అక్షరాలు కరిగి మరకలయ్యాయి.

"ఎందుకు దాచింది అన్నయ్యా ఇది?" అన్నాడు నాన్న.

పెదనాన్న దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "అన్నీ అయిపోతే తెచ్చుకోవడానికి మళ్ళీ ఓడెక్కుతానేమోనని. ఆఖర్న ఇది బయటికి తీద్దామనుకుని ఉంటది," అన్నాడు. తర్వాత, "నేనెక్కలేదు గదా. ఇంక తియ్యాల్సిన పనేముంది," అన్నాడు.

నీళ్ళు పెట్టమన్నాడు. పెచ్చు ఊడదీసి, మొదటి నీళ్ళు పారబోసి, రెండోవి గ్లాసుల్లో వంచాడు. అది టీ కాదు. చారు కూడా కాదు. పుల్లగా, ఉప్పగా, చింతగింజల వగరుతో నాలిక తిరిగిపోయింది. నాన్న గ్లాసు కింద పెట్టేశాడు. నేనూ పెట్టేశాను. పెదనాన్న ఒక గుక్క మింగి మొహం వికారంగా పెట్టాడు.

"చెడగొట్టింది," అన్నాడు. "బంగారం లాంటి టీని నాశనం చేసేసింది ముసల్ది."

అని, మా ఇద్దరి గ్లాసులూ తన వైపు లాక్కున్నాడు.